అప్‌డేట్: వుడ్, వుల్ చుట్టాలు కావు

ఇంగ్లీష్‌లో వుడ్, వుల్ ఒకే మూలం నుంచి వచ్చాయా అని పోయిన వారం అడిగాను కదా. రావట. పాత ఇంగ్లీష్‌లో కలపకీ అడవికీ 'వుదు', ఉన్నికి 'వుల్'. రెండూ వేరు.

నన్ను తికమక పెట్టింది ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండల పేరు. 'వోల్డ్' అంటే మొదట్లో అడవి. తర్వాత అదే మాట చెట్లు లేని మెట్టభూములకు పేరైంది. మధ్యయుగాల్లో ఆ కొండల మీదే గొర్రెల మందలు పెరిగాయి, ఉన్ని వ్యాపారంతో ఊళ్లు బాగుపడ్డాయి. అడవి పేరున్న చోట ఉన్ని! నా పొరపాటు క్షమించదగ్గదే అనుకుంటా.

చెక్క, ఉన్ని నిజంగా కలిసింది టెంటర్ దగ్గర. తడిపి తొక్కిన ఉన్ని బట్ట ముడుచుకుపోకుండా ఈ చెక్క చట్రానికి కొక్కేలతో లాగి కట్టి ఆరబెట్టేవారు. టెన్షన్‌తో ఎదురుచూడటాన్ని 'ఆన్ టెంటర్‌హుక్స్' అనడం అందుకే. బట్ట తొక్కేవాళ్లు వాకర్లు. వాకర్ అనే ఇంగ్లీష్ ఇంటిపేరుకీ వాకింగ్‌కీ సంబంధం ఇదన్నమాట.

ఇంకో సంగతి: వుల్‌కి అసలు చుట్టం మన దగ్గరే ఉంది. సంస్కృతం 'ఊర్ణ', దాని నుంచే మన 'ఉన్ని'. సాలెపురుగును ఊర్ణనాభి అనేదీ ఈ మాటతోనే.