సమస్య: ‘పడవ మునిగె నిటుక పైకి తేలె’

సెలవుల్లో ఊళ్లు తిరిగొచ్చిన వాళ్ల కోసం ఈ వారం ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇస్తున్నా, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. రామప్ప గుడి ఉన్న పాలంపేట చూసినవాళ్లకు సగం పని అయిపోయినట్టే. ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది కదా! చిక్కంతా పడవతోనే. జనాన్ని ముంచే పూరణలు మాత్రం వద్దు.

హన్మకొండ మామ:

కాగితమ్ముతోడఁ గట్టె మా బుడ్డోడు
చెరువులోన వదలె, చెంతనున్న
గైడు వేసె నొక్క కాకతీయపు ముక్క
పడవ మునిగె నిటుక పైకి తేలె

నిర్వాహకుడు: ‘కాకతీయపు ముక్క’ భలే ఉంది. కానీ బుడ్డోడు కట్టిందేమిటో నాలుగో పాదం దాకా తెలియదు. పైగా గుడి ఇటుక గైడు చేతికి ఎట్లొచ్చింది మామా? రక్షిత కట్టడం, పీకితే కేసే.

ఓరుగల్లు పిల్ల:

చిల్లు పడినయపుడు చెరువులో నేమాయె?
నీది నీట వేయ నేమి జరిగె?
రాళ్ళ గుడిని గట్టు రామప్ప పనివాడ!
పడవ మునిగె నిటుక పైకి తేలె

నిర్వాహకుడు: రెండు ప్రశ్నలకు వరుసగా రెండు జవాబులు, క్రమాలంకారం చక్కగా కుదిరింది. 1213లో గుడి కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. పేరు మాత్రం శిల్పిది నిలిచిందని జనం చెప్పుకుంటారు, మీరూ ఆ పనివాణ్నే పిలిచారు. బాగుంది. ఒకటే లోటు, ఇది ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు. ప్రయాణం ఎక్కడా తగల్లేదు.

కొత్త సభ్యుడు: సార్, ఖిలా వరంగల్‌లో కోతి నా కళ్లజోడు ఎత్తుకపోయింది. ‘కోతి వచ్చి నాదు కళ్ళజోడును లాగె’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయిన.

నిర్వాహకుడు: ‘కో’కు ‘క’ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) చెల్లదు తమ్మీ. ‘కోతి వచ్చి నాదు చేతి కళ్ళద్దాలు’ అనండి, కోతి-చేతిలో రెండో అక్షరం కలిసింది కాబట్టి ప్రాసయతి సరిపోతుంది. అద్దాలు ముక్కు మీద నుంచి చేతిలోకి వస్తాయి, అంతే. కోతిని పడవ దాకా ఎట్లా తెస్తారో మీ ఇష్టం.

ములుగు బాటసారి:

వాన వచ్చె, బోటు వద్దు పొమ్మన్నారు
లక్నవరము నుంచి లారి ఎక్కి
రాత్రి గాక ముందె రామప్ప కొస్తిమి
పడవ మునిగె నిటుక పైకి తేలె

హన్మకొండ మామ: ‘లారి’ ఏంది? లారీ అనాలె.

నిర్వాహకుడు: లారీ అంటే రెండూ గురువులు, ఇక్కడ కావలసిన సూర్యగణం (ఒక గురువు, ఒక లఘువు; లేదా మూడు లఘువులు) కాదు. ఆటో ఎక్కినా అదే గొడవ. బస్సెక్కిస్తే గణం కుదురుతుంది, యతి పోతుంది. కాబట్టి లారి దిగనక్కర్లేదు. ఇక్కడ మునిగింది పడవ కాదు, లక్నవరం చెరువులో పడవ షికారు. ఈ వారం నా ఓటు దీనికే. ఇంతకీ లారీలో సీటు దొరికిందా?

ములుగు బాటసారి: సీటెక్కడిది సార్! వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి బస్తాల మీద, పరదా కింద. మా ఆవిడ, నేను రామప్ప దాకా తుమ్ముకుంటనే వచ్చినం.

నిర్వాహకుడు: అసలు సరుకు పద్యం బయటే వదిలేశారే! ఆ తుమ్ములతో ఇంకొకటి పంపండి.