నాలుగో నెల, థైరాయిడ్ మాత్ర, గుండె దడ

ప్రశ్న: నాకు నాలుగో నెల. రెండో నెలలో థైరాయిడ్ మాత్ర 50 నుంచి 75 మైక్రోగ్రాములకు పెంచారు. వారం రోజులుగా రాత్రి పడుకోగానే గుండె దడదడలాడుతోంది. మాత్ర ఎక్కువైందేమోనని టెన్షన్. ఆపేయనా అక్కా?

జవాబు: మీ అంతట మీరు ఆపకండమ్మా. మొదటి నెలల్లో బిడ్డకు థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి. రేపే డాక్టరుకు చెప్పి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ పరీక్షలు, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. నాకూ ఐదో నెలలో ఇలాగే దడ. తీరా చూస్తే థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబినే తక్కువ, 8.6. ఐరన్ వాడాక తగ్గింది. ఐరన్‌కీ థైరాయిడ్ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి సుమా.

ఇంకొకరు: గర్భంలో గుండె కొంచెం వేగంగానే కొట్టుకుంటుంది. కానీ ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి.

అడిగినావిడ: అయ్యో, రెండూ పొద్దున్నే కలిపి వేసుకుంటున్నాను! రేపే వెళ్తాను అక్కా.