తేజస్విన్ హైజంప్‌ను అమెరికా కాలేజీ పెంచిందా, ఆపేసిందా?

బార్‌కింద:
2025 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ హైజంప్‌లో సర్వేశ్ కుశారే 2.28 మీటర్లు దూకి ఆరో స్థానంలో నిలిచాడు. అంతకుముందు మన జంపర్ ఎవరూ ఆ ఫైనల్ గడప తొక్కలేదు. నాసిక్ జిల్లా పల్లెటూరి మనిషి, ఆర్మీ ఉద్యోగి, ఇక్కడే తయారయ్యాడు.

ఇంకోవైపు తేజస్విన్ శంకర్‌ని చూడండి. 2016లో కోయంబత్తూరులో పదిహేడేళ్ల వయసులో 2.26 దూకి, 2004 నుంచి హరిశంకర్ రాయ్ పేరిట ఉన్న 2.25 జాతీయ రికార్డును చెరిపేశాడు. మరుసటి ఏడాది స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2018 ఏప్రిల్‌లో 2.29. ఇక అక్కడితో సరి. ఇప్పుడు పది ఈవెంట్లు కలిసిన డెకథ్లాన్ ఆడుతున్నాడు. నా మాట సూటిగా చెప్తా: ఒక మంచి హైజంపర్‌ని కాలేజీ మింగేసింది. కాదనేవాళ్లు చెప్పండి.

మూడోప్రయత్నం:
కాదంటాను. ఆ 2.29 ఎక్కడ దూకాడో చెప్పకుండా దాటేశారేం? టెక్సాస్‌లోని లబ్బక్‌లో, కాలేజీ పోటీలోనే, చేరిన మొదటి ఏడాదిలోనే. జాతీయ రికార్డు ఇచ్చింది కాలేజీ, తిట్లు తినేదీ కాలేజీయేనా? 2018లో, మళ్లీ 2022లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల జాతీయ పోటీలు) అవుట్‌డోర్ టైటిల్ గెలిచాడు. ఆ పోటీని ఆషామాషీగా తీసుకోకండి. అక్కడ దూకేవాళ్లలో రేపటి ఒలింపియన్లు ఉంటారు.

బార్‌కింద:
2018 టైటిల్ 2.24తో, 2022 టైటిల్ 2.27తో. పందొమ్మిదేళ్లకే 2.29 దూకినవాడు నాలుగేళ్ల తర్వాత ఎక్కడుండాలి? కుశారే ముప్పై ఏళ్ల వయసులో తన అత్యుత్తమ జంప్ చేశాడు. తొందరపెట్టకుండా పెంచితే అలా ఉంటుంది.

గ్రౌండ్‌మాస్టారు:
పిల్లలకు జంప్స్ నేర్పేవాణ్ని, కాస్త వివరంగా రాస్తాను.

హైజంపర్ పరుగు మొదట తిన్నగా ఉంటుంది, చివరి నాలుగైదు అడుగులు వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఒళ్లు లోపలికి వాలి ఉండగానే ఒక్క కాలు మీద లేవాలి. పరుగు వేగమంతా పైకి మళ్లాలంటే ఆ బరువు మొత్తం ఆ ఒక్క చీలమండ, ఆ ఒక్క మోకాలి చిప్ప కింద నరమే మోయాలి. అందుకే సీజన్ మొత్తంలో పూర్తి బలంతో దూకగలిగేది కొద్ది రోజులే. వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే కోచింగ్‌లో సగం పని.

కాలేజీలో ఆ నిర్ణయం జంపర్ ఒక్కడిది కాదు. జనవరిలో ఇండోర్ పోటీలు మొదలవుతాయి, ఫిబ్రవరిలో కాన్ఫరెన్స్ మీట్ (కొన్ని కాలేజీల కూటమి పోటీ), మార్చిలో ఇండోర్ నేషనల్స్. ఊపిరి తీసుకునేలోపు అవుట్‌డోర్ మొదలై జూన్ దాకా సాగుతుంది. అసలు సంగతి పాయింట్లు. మొదటి స్థానానికి 10, రెండుకి 8, అలా తగ్గుతూ ఎనిమిదో స్థానానికి 1. 2.20తో గెలిచినా పదే, 2.32తో గెలిచినా పదే. జట్టుకు కావాల్సింది ఆ పది. ఒలింపిక్స్ అర్హతకు కావాల్సింది ఎత్తు. టోక్యో ఒలింపిక్స్‌కి నేరుగా వెళ్లాలంటే 2.33 దూకాలి. ఈ రెండు అవసరాలూ అన్నిసార్లూ ఒకే దారిలో వెళ్లవు. ఇందులో కాలేజీ చేసే మోసమేమీ లేదు, వాళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చేది అందుకే. పురుషుల ట్రాక్ జట్టు మొత్తానికి ఆ రోజుల్లో ఉన్నవి 12.6 స్కాలర్‌షిప్పులు. వాటినే ముక్కలు చేసి పంచుకునేవారు. అంత పిసరంత డబ్బులోంచి హైజంపర్‌కి ఇస్తే పాయింట్లు అడగరా మరి?

ఫ్లాప్‌ఫ్యాన్:
మాస్టారూ, బాగా చెప్పారు. కానీ అదే వ్యవస్థలోంచి పతకాలు ఎలా వచ్చాయో కూడా చూడాలి కదా. తేజస్విన్ కోచ్ క్లిఫ్ రొవెల్టో దగ్గరే, అదే కాన్సస్ స్టేట్‌లో ఎరిక్ కైనార్డ్ తయారయ్యాడు. 2012 లండన్‌లో రజతం. గెలిచిన రష్యన్ డోపింగ్‌లో దొరకడంతో తర్వాత అది స్వర్ణమైంది. రియోలో 2.38తో గెలిచిన కెనడా జంపర్ డెరెక్ డ్రూయిన్ ఇండియానా యూనివర్సిటీ వాడు. అసలు వెనక్కి పడుతూ దూకే పద్ధతిని 1968 మెక్సికోలో లోకానికి చూపించిన ఫాస్‌బరీ కూడా ఒరెగాన్ స్టేట్ కాలేజీ కుర్రాడే. జువాన్ హారిసన్ అయితే 2021లో ఒకే ఎన్‌సీఏఏ పోటీల్లో హైజంప్, లాంగ్‌జంప్ రెండూ గెలిచి, 2023 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 2.36తో రజతం తెచ్చుకున్నాడు. పాయింట్ల కోసం రెండేసి ఈవెంట్లు ఆడినవాడు మరి!

బార్‌కింద:
గెలిచినవాళ్ల పేర్లు చెప్పడం తేలిక బ్రదర్. కాలేజీ మెట్టు ఎక్కని బర్షిమ్ 2.43 దూకాడు, దానికేమంటారు?

ఫ్లాప్‌ఫ్యాన్:
బర్షిమ్ వెనక ఖతార్ దేశమే నిలబడింది. మన కుర్రాడి వెనక ఎవరున్నారు? కాలేజీ వద్దనుకుని పద్దెనిమిదేళ్లకే ప్రొఫెషనల్ అయిన అమెరికన్ వష్టీ కన్నింగ్‌హామ్ సంగతీ చూడండి. 2016లో ప్రపంచ ఇండోర్ చాంపియన్, ఆ తర్వాత మూడు ఒలింపిక్స్ ఆడింది. ఒలింపిక్ పతకం ఒక్కటీ రాలేదు.

మూడోప్రయత్నం:
తేజస్విన్‌కి నిజంగా దెబ్బ తగిలింది ఎక్కడో నేను చెప్తా. 2022 జూన్‌లో అమెరికాలోని యూజీన్‌లో ఎన్‌సీఏఏ ఫైనల్స్, అదే వారంలో చెన్నైలో అంతర్‌రాష్ట్ర చాంపియన్‌షిప్. కామన్వెల్త్ జట్టు ఎంపికకు మన ఫెడరేషన్ పెట్టుకున్న పోటీ అదే. వాళ్లు అడిగిన ఎత్తు 2.27. అతను యూజీన్‌లో సరిగ్గా 2.27 దూకాడు. అయినా చెన్నై రాలేదు కాబట్టి జట్టులో పేరు లేదు! ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, ఆఖరి నిమిషంలో జట్టులో చేరి, బర్మింగ్‌హామ్‌లో దిగాడు. 2.10, 2.15, 2.19, 2.22 అన్నీ మొదటి ప్రయత్నంలోనే. ఇంకా కొందరు 2.22 దూకారు కానీ మధ్యలో బార్ పడగొట్టి దూకారు, కాబట్టి కంచు మనోడిది. కామన్వెల్త్ హైజంప్‌లో భారత్‌కు అదే మొదటి పతకం. పెద్ద పోటీకి ముందు వారాలు ప్రాక్టీస్ మీద ఉండాల్సినవాడు లాయర్లతో ఫోన్లో ఉంటే ఎంత టెన్షన్! అది కాలేజీ చేసిన పనా?

బార్‌కింద:
రెండు పడవల మీద కాళ్లు పెట్టిందెవరు? కాలేజీ జూన్ దాకా వదలదని చేరేటప్పుడే తెలుసు. ఫెడరేషన్ ఒక్కడి కోసం క్యాలెండర్ మార్చదు.

గ్రౌండ్‌మాస్టారు:
క్యాలెండర్ మార్చక్కర్లేదు. విదేశంలో గుర్తింపు ఉన్న పోటీలో దూకిన ఎత్తును లెక్కలోకి తీసుకుంటే చాలు. బార్ ఎత్తు చెన్నైలోనూ యూజీన్‌లోనూ అదే మీటర్లలో కొలుస్తారు.

పదిఈవెంట్లు:
డెకథ్లాన్‌కి వెళ్లడాన్ని ఓటమి అంటున్నారు, అందుకు వచ్చాను. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో తేజస్విన్ 7666 పాయింట్లతో రజతం గెలిచాడు. భరతిందర్ సింగ్ 2011లో పెట్టిన 7658 రికార్డు పోయింది. అక్కడ మొదటి రోజు వంద మీటర్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ అయ్యాకే హైజంప్. మూడు ఈవెంట్లు ఒంట్లోంచి పోయాక అతను దూకింది 2.21. కామన్వెల్త్‌లో పూర్తిగా తాజాగా దిగి కంచు తెచ్చిన ఎత్తుకు ఒక్క సెంటీమీటరు తక్కువ. ఆ కాళ్లని కాలేజీ పాడుచేసిందంటే నమ్మమంటారా?

బార్‌కింద:
కాళ్లు పాడయ్యాయని నేనెక్కడన్నాను? ఆ కాళ్లు 2.33 దూకాల్సినవి అంటున్నా. మీ లెక్క నా వాదనకే బలం.

గోడమీదపిల్లి:
ఇంతమంది రాశారు, డిగ్రీ గురించి ఒక్కరూ మాట్లాడలేదే! అతను చదువు పూర్తిచేసి డెలాయిట్‌లో ఉద్యోగం కూడా చేశాడు. కుశారేకి ఆర్మీ ఉంది. హైజంప్‌తో జీవితాంతం తిండి దొరకదు కాబట్టి ఇద్దరూ వేరే ఆధారం చూసుకున్నారు. కుశారే స్కూల్లో మొక్కజొన్న పొట్టు పరుపు మీద పడుతూ నేర్చుకున్నాడని పేపర్లలో వచ్చింది. అతనికి అప్పుడు అమెరికా ఆఫర్ వస్తే వద్దనేవాడా? ఆర్మీ దారి గొప్పదే, కానీ అతను దాన్ని కాలేజీతో పోల్చుకుని ఎంచుకున్నాడని అనుకోవడం మన ఊహ.

గ్రౌండ్‌మాస్టారు:
నన్నడిగే పిల్లలకు నేను వెళ్లమనే చెప్తాను. ఒక్క షరతు మీద. సంతకం పెట్టకముందే అక్కడి కోచ్‌తో తేల్చుకోవాలి: ఇండియా ట్రయల్ ఉన్న వారం వదులుతారా, ఎన్ని ఈవెంట్లలో దింపుతారు, మోకాలు నొప్పి అంటే కాన్ఫరెన్స్ మీట్ నుంచి తప్పిస్తారా. నోటిమాటగా వద్దు, ఈమెయిల్‌లో.

బార్‌కింద:
ఈమెయిల్‌లో అలా రాసిచ్చే కోచ్ దొరికితే పేరు ఇక్కడ పెట్టండి మాస్టారూ. అప్పుడు ఆలోచిద్దాం.