చలికి పికిలిపిట్టలు ఉబ్బిపోయి కూర్చుంటున్నాయి, జబ్బా?

హన్మకొండ మేడ: వారం నుంచి మస్తు చలి. పొద్దున ఆరున్నరకు చూస్తే జామచెట్టు మీద రెండు పికిలిపిట్టలు ఒళ్లంతా ఉబ్బించుకుని దూది ఉండల్లా కూర్చుంటున్నాయి. దగ్గరికి పోయినా కదలవు. ఏమైనా జబ్బు చేసిందా?

ఆదిలాబాద్ పెరడు: జబ్బు కాదన్నా. మా దగ్గర పది డిగ్రీల కిందికి పోయిన రోజుల్లో ప్రతి పిట్టా అంతే. ఈకలు లేపితే సందుల్లో గాలి నిలిచి ఒంటి వేడి పోనివ్వదు, మనకు రగ్గు ఎట్లనో అట్ల. ఎండెక్కినాక కూడా ఉబ్బుకునే ఉండి కళ్లు మూస్తుంటే అప్పుడు అనుమానించాలి.

కాజీపేట అమ్మమ్మ: నేనిప్పుడు చికాగోలో కొడుకు దగ్గర ఉన్నా. నిన్నటి నుంచి మంచు తుఫాను, పెరట్లో కుర్చీలు కూడా కనబడటం లేదు. కిటికీ దగ్గర కూర్చోవడమే నా పని. అంత తెలుపులో ఎర్రటి కార్డినల్ పిట్ట వచ్చి వాలితే, కళ్లంలో ఒక్క పండుమిరపకాయ మిగిలినట్టుంది. మా అబ్బాయి డబ్బాలో పొద్దుతిరుగుడు గింజలు పోస్తాడు. చికడీ అని గుప్పెడంత పిట్ట, తిన్నన్ని తిని మిగతావి చెట్టు బెరడు సందుల్లో దాస్తుంది. రాత్రి ఒంటి వేడి కొన్ని డిగ్రీలు తగ్గించుకుని పడుకుంటుందట, కొవ్వు తొందరగా కరగకుండా. నాకేమో ఇంట్లో హీటర్ ఉన్నా రెండు స్వెటర్లు!

నర్సంపేట రైతు: మాకు మంచు లేదు గానీ 2022 జనవరిలో వడగండ్లు పడ్డాయి. మిరప పోయిందన్న బాధలో పిట్టల సంగతి ఎవరికి పట్టింది? తెల్లారి గట్టు మీద గోరింకలు పడి ఉన్నాయి. ఊపిరి ఉన్నదాన్ని అట్టపెట్టెలో గుడ్డ వేసి చీకట్లో ఉంచాం. నోట్లో నీళ్లు పోయలేదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మధ్యాహ్నానికి ఎగిరిపోయింది.

హన్మకొండ మేడ: నేను మూడు రోజులుగా జొన్నలు, నూకలు చల్లుతున్నా. పావురాలు తప్ప ఏదీ రావట్లేదు.

ఆదిలాబాద్ పెరడు: పికిలిపిట్టకు గింజలెందుకన్నా, అది పండ్లు, పురుగులు తినేది. బొప్పాయి ముక్క పెట్టు. అదీ తెల్లారగానే. రాత్రంతా ఒంట్లో కొవ్వు కరిగిపోయి లేస్తాయి, మనం టిఫిన్ అయ్యాక పెడితే ఏం లాభం? ఉప్పేసినవి మాత్రం వద్దు.

హన్మకొండ మేడ: ఈరోజు ఆరింటికే బొప్పాయి పెట్టా. ముందు ఉడుత దిగింది. సగం అదే తిన్నది. పికిలిపిట్టలు పక్క కొమ్మ మీద కూర్చుని దాన్ని ఒకటే తిట్టడం. రేపు రెండు చోట్ల పెడతా.