నల్లజాతి రచయితలు జాతి బాధే రాయాలా? మీరేమంటారు

సింధు_చదువరి:
'అమెరికన్ ఫిక్షన్' సినిమా చూశాక దాని మూలం, అమెరికా నల్లజాతి రచయిత పెర్సివల్ ఎవరెట్ 2001 నవల 'ఇరేజర్' (Erasure) పట్టుకున్నా. అందులో నల్లజాతి ప్రొఫెసర్ ఒకాయన గ్రీకు పురాణాల మీద నవలలు రాస్తుంటాడు, పబ్లిషర్లేమో ఇందులో నల్లవాళ్ల జీవితం ఏదీ అని తిప్పి పంపుతుంటారు, షాపుకెళ్తే ఆ పుస్తకాలు ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ అరలో పెట్టి ఉంటాయి. నాకైతే ఒళ్లు మండింది. తెల్ల రచయితని నీ జాతి గురించి రాయలేదేం అని ఎవరడుగుతారు?

రమణ_కాకినాడ:
సింధు గారూ, ఇంకో వైపు కూడా చూడండి. 1940లో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ నవల 'నేటివ్ సన్' వచ్చి అంతలా అమ్ముడుపోయాకే కదా చాలామంది నల్లవాళ్ల బాధల వైపు చూసింది. ఆ అర ఉండబట్టే వెతుక్కునేవాడికి పుస్తకం దొరుకుతుంది. వాళ్లు పడ్డ బాధ వాళ్లు రాయకపోతే ఎవరు రాస్తారు?

నీలిమ_వరంగల్:
రమణ అన్నా, బాధ రాయొద్దని ఎవరన్నారు, అదొక్కటే రాయమనడం దగ్గరే గొడవంతా. మీరు చెప్పిన ఆ రైటే 1937లో నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ నవలకి రివ్యూ రాస్తూ ఇందులో ఇతివృత్తం లేదు, సందేశం లేదు, తెల్లవాళ్లని నవ్వించే పాత తంతే అని ఉతికేశాడు. ఆ నవల్లో ఉన్నది ఒక నల్లజాతి ఆడమనిషి మూడు పెళ్లిళ్లు, ఆమె ప్రేమ, చివరికి ఆమెకి దొరికిన సొంత గొంతు, ఇది ఇతివృత్తం కాకపోతే ఇంకేంటి? హర్‌స్టన్ 1950లో ఒక వ్యాసం రాసింది, చదువుకున్న మామూలు నల్లజాతి మనుషుల ప్రేమకథలు తెల్ల పబ్లిషర్లు వేయరు, వీళ్లకీ అందరిలాంటి లోపలి జీవితం ఉంటుందంటే జనం నమ్మరని వాళ్ల లెక్క అని. పదేళ్లకి పేదరికంలో పోయింది. సమాధి మీద పేరు కూడా లేదు, 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి రాయి పెట్టించింది. ఇది చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది నాకు.

గెలాక్సీ_గిరి:
సైన్స్ ఫిక్షన్‌లో ఇదే కథ తిరగబడి ఉంటుంది. నల్లజాతి రచయిత శామ్యూల్ డిలేనీ తన నవల 'నోవా'ని సీరియల్‌గా వేస్తారేమోనని 'అనలాగ్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి పంపితే, ఎడిటర్ జాన్ క్యాంప్‌బెల్ నల్లజాతి హీరో అంటే మా పాఠకులకి ఎక్కదు అని వద్దన్నాడు. నవల 1968లో పుస్తకంగా వచ్చింది, ఈ సంగతి డిలేనీయే తర్వాత 1998లో రాశాడు. అంటే అక్కడ నల్లదనం చాల్లేదంటారు, ఇక్కడ ఎక్కువైందంటారు, మరి ఆ మనిషి ఎటు పోవాలి? పాఠకులు ఒప్పుకోరు అన్నది ఎడిటర్ల భయం అంతే, నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్ 2016, 2017, 2018 వరసగా మూడేళ్లు సైన్స్ ఫిక్షన్ బహుమతి హ్యూగో తెచ్చుకుంది, అవి ఓట్లేసింది పాఠకులే కదా.

రమణ_కాకినాడ:
గిరి గారూ, జెమిసిన్ విషయం ఒప్పుకుంటా. కానీ ఎవరెట్‌నే తీసుకోండి. ఆయన నవల 'జేమ్స్' బానిసత్వం కథే, 2024లో నేషనల్ బుక్ అవార్డ్, 2025లో పులిట్జర్ వచ్చాయి. ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు, ఇష్టపడి రాశాడు, గొప్పగా రాశాడు.

నీలిమ_వరంగల్:
గొప్పగానే రాశాడన్నా, నేనూ ఒక్క రాత్రిలో చదివేశా. కానీ అంతకుముందు ఇరవైకి పైగా నవలలు రాశాడు, వెస్టర్న్‌లు కూడా, వాటిల్లో చాలావరకు ఒక చిన్న ప్రెస్సే వేసింది. 'టెలిఫోన్' చూడండి, కూతురు నయంకాని జబ్బుతో చేయి దాటిపోతుంటే ఏం చేయాలో తెలియని ఒక జియాలజిస్టు తండ్రి కథ. 2021లో పులిట్జర్ ఫైనలిస్టుల దాకా వెళ్లింది. మన గ్రూపులో ఎంతమంది పేరు విన్నారు? 'జేమ్స్'లో మార్క్ ట్వెయిన్ హకిల్‌బెర్రీ ఫిన్ నవల్లోని బానిస జిమ్ కథని మళ్లీ చెప్పినప్పుడే ఊరంతా వచ్చి చప్పట్లు కొట్టింది. ఆ తండ్రి దుఃఖం ఏం తక్కువ దుఃఖం?

రమణ_కాకినాడ:
అలాగైతే తప్పు బహుమతులిచ్చేవాళ్లదీ మనదీ, 'జేమ్స్'ది కాదు, ఆ మాట మీద మాత్రం నేను కదలను. 'టెలిఫోన్' ఎక్కడ దొరుకుతుందో చెప్పమ్మా, చదివాకే మళ్లీ మాట్లాడతా.