రోజువారీ ప్రొసెక్కో: డీఓసీ చాలదా, డీఓసీజీకే డబ్బు పెట్టాలా?

ట్రెవిజో తెలుగువాడు
ప్రొసెక్కో అంటే ఈశాన్య ఇటలీ బుడగల వైన్. డీఓసీ దాని మామూలు ప్రాంతపు ముద్ర, డీఓసీజీ అంతకన్నా కఠిన నియమాలున్న ముద్ర. ఇంతకుముందు ఒకరు “డీఓసీజీ ముద్ర లేని ప్రొసెక్కో అంతా సోడానీళ్లే” అని రాశారు. నేను ఒప్పుకోను. రాత్రి భోజనానికి ముందు ఒక గ్లాసు తాగడానికి మామూలు డీఓసీ బ్రూట్ (తీపి తక్కువగా ఉండే రకం) చాలు.

ప్రొసెక్కో చవక కావడానికి అసలు కారణం అది తయారయ్యే తీరు. షాంపేన్‌లో బుడగలు సీసాలోనే పుడతాయి, సీసాను కనీసం 15 నెలలు ఉంచాలి. ప్రొసెక్కోకి బుడగలనిచ్చే ఆ రెండోసారి పులియడం మూతబిగించిన పెద్ద స్టీలు ట్యాంకులో, కొన్ని వారాల్లో అయిపోతుంది. 1895లో ఇటలీ వైన్ నిపుణుడు మార్టినొట్టి పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఈస్ట్ వాసన పట్టదు కాబట్టి గ్లేరా ద్రాక్షలోని పచ్చి ఆపిల్, బేరిపండు వాసనలు అలాగే నిలుస్తాయి. మనకు కావలసింది ఆ తాజాదనమే. దాచుకోకుండా, కొన్న ఏడాదిలోపు తాగేయాలి.

కొండవాలు
తాజాదనం సరే అన్నా, మరి ద్రాక్ష సంగతి? 2009లో గీసిన డీఓసీ హద్దులో తొమ్మిది జిల్లాలున్నాయి, ఎక్కువభాగం మైదానమే. అక్కడ హెక్టారుకు 18 టన్నుల దాకా పండించొచ్చు. డీఓసీజీ ముద్ర ఉన్న కొనెల్యానో–వాల్దొబ్బియాదెనే కొండల మీద 13.5 టన్నులే. కాపు పెరిగేకొద్దీ రుచి పలచబడుతుంది, ఇది ఏ రైతునడిగినా చెబుతాడు. ఆ నిటారు వాలుల్లోకి యంత్రం పోలేదు, ప్రతి గుత్తీ మనిషి చేత్తోనే కోయాలి. 2019లో యునెస్కో గుర్తించింది ఆ కొండలనే. అందరం చవకదే కొంటే అక్కడ ఎవరు సేద్యం చేస్తారు?

లండన్ లలిత
మా ఇంట్లో మిరపకాయ బజ్జీలతో బ్రూట్ తాగితే కారం ఇంకా మండుతుందండీ. ఎక్స్‌ట్రా డ్రైలో ఉండే కొంచెం తీపి కారాన్ని అణుస్తుంది. ఈ విషయం ఎవరూ ఎత్తట్లేదు.

ట్రెవిజో తెలుగువాడు
లలితగారు చెప్పింది చాలా ముఖ్యం, నా వాదనకీ అదే ఆధారం. బ్రూట్‌లో లీటరుకు చక్కెర 12 గ్రాముల లోపు. ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17, డ్రైలో 17 నుంచి 32. ఆ కొండల్లోకెల్లా ఖరీదైనది కార్తిత్సే అనే వాలు, మొత్తం 107 హెక్టార్లే. అక్కడి వైన్ ఎక్కువగా, పేరుకు డ్రై అయినా తీపిగా ఉండే ఆ రకంగానే వస్తుంది. అంటే పుల్లగా, చురుగ్గా ఉండే వైన్ కావాలనుకుని ఖరీదు చూసి కొంటే చేతికొచ్చేది తీపిది! కాబట్టి ముందు చక్కెర చూడండి, ఆ తర్వాతే ముద్ర.

కొండ రైతు కష్టం నేను కాదనను తమ్ముడూ. పండగకో అతిథికో కొనేటప్పుడు ‘రివే’ అని రాసినది తీసుకుంటాను. ఒక్క ఊరి ద్రాక్షే, చేత్తో కోసిందే, పంట ఏడాది కూడా వేస్తారు. కానీ ఆరెంజి రంగు చేదుతీపి మద్యం అపెరోల్ పోసి స్ప్రిట్స్ అనే కాక్‌టెయిల్ కలపడానికి ఆ సీసా తెరవడం ఆ రైతుకి చేసే మర్యాద కాదు.

కొండవాలు
స్ప్రిట్స్ సంగతి ఒప్పుకుంటానన్నా. కానీ డీఓసీజీ అంటే తీపే అన్నట్టు చదివేవాళ్లకి అనిపిస్తుంది, అది సరికాదు. 6 గ్రాముల లోపు చక్కెర ఉండే ఎక్స్‌ట్రా బ్రూట్ కొండల్లోనూ చేస్తున్నారు. నెలకు నాలుగు సీసాలు కొనేవాళ్లు మూడు కొని, ఆ డబ్బుతోనే ఇది తాగొచ్చు. నేను చేసేది అదే.