రోజూ ఆరు స్పిరులినా మాత్రలు వేసుకుంటే బీ12 మాత్ర మానేయవచ్చా?

నిర్వాహకులు:
చెన్నైలో మన శాకాహారుల ఇళ్లలో బీ12, ఐరన్ మాత్రలు పక్కన పెట్టేసి స్పిరులినా (నీళ్లలో పెరిగే నీలాకుపచ్చ పాచి, ఎండబెట్టి పొడిగా, మాత్రలుగా అమ్ముతారు) మొదలుపెడుతున్నారు. డబ్బా మీద "బీ12 పుష్కలం" అని ఉంటోంది. అది నమ్మి మాత్ర మానొచ్చా? లెక్కలతో రాయండి, సొంత అనుభవాలు వద్దు.

నీటిపాచి, తిరువళ్లూరు:
స్పిరులినా నిన్న మొన్న పుట్టిన సరుకు కాదండీ. ఆఫ్రికాలో చాద్ సరస్సు దగ్గర కానెంబు ఆడవాళ్లు దాన్ని వడకట్టి, ఎండబెట్టి, 'దిహే' బిళ్లలు చేసి పులుసులో వేస్తారు. పొడిలో నూటికి 55 నుంచి 70 పాళ్లు ప్రోటీన్. చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం తమిళనాడులో చిన్నపిల్లలకి రోజుకో గ్రాము ఇచ్చి చూసింది. విటమిన్ ఏ లోపంతో కంటి తెల్లగుడ్డు మీద వచ్చే బైటాట్ మచ్చలు తగ్గాయి. ఇంత మంచి ఆహారాన్ని అనుమానించడం దేనికి?

పథ్యం, పెరంబూరు:
నీటిపాచి గారూ, ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ సంగతి ఒప్పుకుంటాను. బైటాట్ మచ్చలు తగ్గింది దానివల్లే. ప్రోటీన్ మాటకొస్తే, నూటికి 60 పాళ్లయినా మనం తినేది ఎంత? 500 మి.గ్రా. మాత్రలు ఆరు కలిపితే 3 గ్రాములు. అందులో వచ్చే ప్రోటీన్ రెండు గ్రాములు కూడా నిండదు. 30 గ్రాముల కందిపప్పులో ఆరు గ్రాముల పైనే ఉంటుంది. 55 కిలోల మనిషికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం రోజుకి 46 గ్రాములు కావాలి.

ఐరన్ కూడా అంతే. 100 గ్రాముల పొడిలో సుమారు 28 మి.గ్రా. ఉంటే, 3 గ్రాముల్లో ఒక మి.గ్రా. కన్నా తక్కువ. ఆడవాళ్లకి రోజుకి 29 మి.గ్రా. కావాలి. సర్కారు ఆసుపత్రిలో గర్భిణులకిచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర ఒక్కదానిలోనే 60 మి.గ్రా. ఉంటుంది. రక్తహీనత ఉన్నవాళ్లు దాన్ని మానేసి ఇది మింగితే నెలలు వృథా అవుతాయి.

ప్రయోగశాల, అడయార్:
అసలు చిక్కు బీ12 దగ్గరుంది. స్పిరులినాలో ఉన్నదాంట్లో నూటికి 80 పాళ్ల పైన నకిలీ బీ12. అణువు చూడటానికి అచ్చం బీ12లాగే ఉంటుంది, కింది కొసన ఒక్క భాగం మారుతుంది. అసలు దాంట్లో డైమిథైల్ బెంజిమిడజోల్ ఉండేచోట ఇందులో అడినిన్ ఉంటుంది. మన జీర్ణాశయంలో ఊరే, బీ12ని పట్టి ఒంటికి అందించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఆ తేడా పసిగడుతుంది, దీన్ని సరిగ్గా పట్టుకోదు. అందుకే ఒంటికి పట్టదు.

మరి డబ్బా మీద అంత పెద్ద అంకె ఎలా వచ్చింది? పాత పద్ధతిలో లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చూసి బీ12 కొలుస్తారు. ఆ సూక్ష్మజీవి నకిలీది తిని కూడా పెరుగుతుంది. అంకె నిజమే, పనికొచ్చేది మాత్రం అందులో కొంచెమే.

1991లో ప్రచురించిన ఒక పరిశీలనలో, జంతు ఆహారం దాదాపు లేని పిల్లలకి నోరి (సముద్రపు పాచి), స్పిరులినా లాంటివి పెట్టారు. రక్తంలో బీ12 అంకె పెరిగింది, ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ ఇంకా చెడింది. అంటే రిపోర్టు బాగానే కనిపిస్తూ లోపం ముదరొచ్చు. అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలు, మతిమరుపు ఉన్నవాళ్లు బీ12 ఒక్కటే చూసుకుని ఊరుకోకండి. బీ12 ఒంట్లో నిజంగా పనిచేస్తోందో లేదో చెప్పే హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్షలు అడగండి. ఇంకోటి: ఫోలిక్ యాసిడ్ వేసుకుంటుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ ఆగదు.

మందుల కొట్టు, టీ నగర్:
దీనికి తోడు మెట్‌ఫార్మిన్. ఏళ్ల తరబడి వాడే షుగర్ పేషెంట్లలో బీ12 శోషణ తగ్గుతుంది. గ్యాస్‌కి ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ ఎక్కువ కాలం వాడినా అంతే. మన శాకాహార పెద్దవాళ్లలో ఈ రెండూ కలిసే ఉంటాయి. బీ12 మాత్ర మానకూడని వాళ్లు సరిగ్గా వీళ్లే.

స్పిరులినా అసలే వద్దనాల్సినవాళ్లు: ఫినైల్‌కీటోన్యూరియా (ఫినైల్ అలనిన్‌ను ఒళ్లు అరిగించుకోలేని పుట్టుజబ్బు) ఉన్నవాళ్లు, ఎందుకంటే ఇందులో ఫినైల్ అలనిన్ ఉంది. రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లు, మూత్రపిండం మార్పిడి అయి రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్ లాంటివి వాడేవాళ్లు, ఎందుకంటే ఇది రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరుకి చెప్పి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) చూసుకుంటూ మాత్రమే. యూరిక్ యాసిడ్ భయం మాత్రం 3 గ్రాముల మోతాదులో అతి. యూరిక్ యాసిడ్‌గా మారే న్యూక్లిక్ ఆమ్లాలు అందులో 0.2 గ్రాముల లోపే, రోజు పరిమితి 2 గ్రాములు.

నీటిపాచి, తిరువళ్లూరు:
బీ12 విషయంలో ప్రయోగశాల గారి మాట ఒప్పుకుంటున్నాను. "బీ12 పుష్కలం" అని అచ్చువేయడం తప్పే. కానీ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), ట్రైగ్లిసరైడ్లు (రక్తంలో కొవ్వు) తగ్గినట్టు చాలా ప్రయోగాలు చూపించాయి. దాన్ని తోసిపుచ్చకండి.

పథ్యం, పెరంబూరు:
తోసిపుచ్చడం లేదండీ. అవి చిన్న గుంపుల మీద, ఎక్కువగా రెండు మూడు నెలలపాటు చేసినవి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుతో పాటు వేసుకుంటామంటే డాక్టరుతో మాట్లాడండి. స్టాటిన్ మానేసి వేసుకుంటామంటే ఒప్పుకోను.

ప్రయోగశాల, అడయార్:
కల్తీ సంగతి కూడా చెప్పాలి. స్పిరులినా తనంతట తాను మైక్రోసిస్టిన్ విషం తయారుచేయదు. తెరిచిన తొట్టెలోకి మైక్రోసిస్టిస్ పాచి చేరితే అది వస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం గ్రాముకి 1 మైక్రోగ్రాము దాటకూడదని హద్దు పెట్టింది. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం కూడా నీళ్లనుంచి, ఎరువులనుంచి చేరతాయి. కొనేటప్పుడు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఒక్కటీ చాలదు. ఆ బ్యాచ్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబు రిపోర్టు అడగండి, అందులో మైక్రోసిస్టిన్ వరుస ఉందో లేదో చూడండి. చాలావాటిలో లోహాలుంటాయి, ఆ వరుస ఉండదు.

మిద్దెతోట, అంబత్తూరు:
మరి మిద్దె మీద టబ్బులో పెంచుకుంటే ఈ గొడవ ఉండదు కదా?

నీటిపాచి, తిరువళ్లూరు:
ఇంకా ఎక్కువుంటుందండీ. స్పిరులినా పెంచే జారూక్ ద్రావణంలో లీటరుకి 16.8 గ్రాముల సోడియం బైకార్బొనేట్ పడుతుంది, పీహెచ్ 9.5 పైన నిలవాలి. పరాయి పాచిని ఆపేది ఆ క్షారమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు టబ్బులో పడ్డాయా, ద్రావణం పలచబడి పీహెచ్ జారుతుంది. వెలుతురూ తక్కువే, కల్చరు చచ్చిపోతుంది. బోరు నీళ్లు వాడితే కాల్షియం సున్నంలా పేరుకుని పాచికి అంటుకుంటుంది, పొడిలో బూడిద (ఖనిజాల పాలు) పెరుగుతుంది. ఆరబెట్టడం ఇంకో సమస్య: 60 డిగ్రీలు దాటితే నీలిరంగు ఫైకోసయనిన్ పోతుంది, నెమ్మదిగా ఆరితే కుళ్లు వాసన పడుతుంది. చల్లటి నీళ్లలో చిటికెడు పొడి వేసి కొన్ని గంటలు ఉంచండి, నీలం దిగితే మాడలేదని అర్థం.

ప్రయోగశాల, అడయార్:
మాడలేదని మాత్రమే. మైక్రోసిస్టిన్ ఉన్న పొడి కూడా అంతే నీలంగా దిగుతుంది. మిద్దె మీద పెంచినదాన్ని ల్యాబుకి పంపకుండా పిల్లలకి పెట్టకండి.